పాత గాలిమర టవర్‌ని మళ్లీ నిలబెట్టాలంటే

నీళ్లు తోడే పాత గాలిమర చేతికి రాగానే ఎవరి కళ్లయినా ముందు చక్రం మీదే పడతాయి. నేనూ అంతే. మొదటిసారి గేర్లతో, రెక్కలతో నెల గడిపి, టవర్‌ని మాత్రం రెండు రోజుల్లో ఎత్తేశాను. నిలబడింది, కాస్త ఒరిగి. పంపు రాడ్ పైపుని రాసుకునే చప్పుడు రాత్రంతా వినిపించేది. చివరికి మొత్తం దించాల్సి వచ్చింది. ఇప్పుడు నా పని కాళ్ల దగ్గర మొదలవుతుంది.

విప్పే ముందు ప్రతి కాలికీ ఒక రంగు, కింద నుంచి ప్రతి వరసకీ ఒక అంకె వేయండి. ఒకేలా కనిపించే రెండు అడ్డబద్దలకి బోల్టు రంధ్రాల దగ్గర అరంగుళం తేడా ఉండొచ్చు. ఫోటోలు ఆ తేడా చెప్పవు. బిగుసుకుపోయిన నట్టుకి నూనె పట్టించి ఒక రాత్రి వదిలేయండి, అప్పటికీ రాకపోతే రంపంతో కోసేయండి. గ్యాస్ కట్టర్ వద్దు. జింకు పూత కాలిపోతుంది, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలితో జ్వరం వస్తుంది. బోల్టులన్నీ కొత్తవే వేయండి, గాల్వనైజ్ చేసినవి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

తుప్పు ఎక్కువగా తినేది కాలి యాంగిల్ (L ఆకారపు ఇనుప బద్ద) నేలని తాకే జానెడు మేర. అక్కడ సుత్తితో కొట్టి చూడండి, పొరలు రాలితే ఆ ముక్క మార్చాల్సిందే. మిగతా చోట్ల బూడిదరంగు పూత గట్టిగా ఉంటే దాన్ని గీకకండి. తుప్పు మచ్చలని వైర్ బ్రష్‌తో రుద్ది జింకు పెయింట్ వేస్తే చాలు.

ఇక పునాది. నేను 5 అడుగుల లోతు గుంతలు నాలుగు తవ్విస్తాను. లంగరు కాళ్లని, అంటే కాంక్రీటులో పాతుకుపోయే ముక్కల్ని, టవర్ అడుగు భాగానికి బిగించి, ఆ మొత్తాన్ని గుంతల్లోకి దించుతాను. నాలుగు అడ్డబద్దల మీదా స్పిరిట్ లెవెల్ పెట్టాలి. మూల నుంచి మూలకి టేపు పట్టాలి, రెండు కొలతలూ ఒకటే రావాలి. అడుగు వెడల్పు 7 అడుగులు, ఎత్తు 33 అడుగులు అనుకోండి: కింద పావంగుళం ఎగుడుదిగుడు పైకి వెళ్లేసరికి అంగుళం దాటుతుంది. నా మొదటి టవర్ కథ అదే. మట్టం కుదిరాకే కాంక్రీటు, ఆ తర్వాత వారం ఆగడం. ఈ వారమే నాకు అన్నిటికంటే కష్టం.

లంగర్లని ఉంచి అడుగు భాగాన్ని విప్పి, టవర్ మొత్తాన్ని పడుకోబెట్టి కూర్చండి. చివరి బద్ద పడేదాకా నట్లు చేతి బిగువే, స్పానర్ ఆ తర్వాత. రెండు కాళ్లని లంగర్లకి ఒక్కొక్క బోల్టుతో కీలులా తగిలించి ఎత్తుతాం. నేలబారుగా లాగితే మోకు మీద భారం విపరీతంగా పడుతుంది. అందుకే కాళ్ల దగ్గర ఎత్తయిన గుంజ నిలిపి, మోకుని దాని మీదుగా లాగాలి. వెనక నుంచి ఇంకో మోకు తప్పనిసరి, లేకపోతే నిటారు దాటి అటు పడుతుంది. పడితే అందేంత దూరంలో కరెంటు తీగ ఉంటే ఆ చోటే వద్దు.

నిలబడ్డాక పైనున్న పైపు మధ్య నుంచి దారానికి గుండు కట్టి వదలండి. అది బోరు మధ్యలో దిగాలి.

తలని, అంటే గేర్ డబ్బా ఉండే భాగాన్ని, ఎత్తడానికి టవర్ కొసన పైపు నిలిపి కప్పీ కడతాం. 8 అడుగుల చక్రంతో వచ్చే ఏర్‌మోటర్ 702 (ఒక అమెరికన్ గాలిమర మోడల్) లాంటిది 150 కిలోలు దాటుతుంది కాబట్టి తలని వేరుగా, చక్రాన్ని వేరుగా ఎత్తాలి. చక్రం ముక్కల్ని ఎదురెదురుగా బిగించండి. ఒకే పక్క వరసగా పెడితే బరువుకి గిర్రున తిరిగి చెయ్యి విరుస్తుంది. రెక్కల గుంట వైపు గాలికి ఎదురుగా ఉండాలి. ఇదంతా చేసేటప్పుడు చక్రాన్ని టవర్‌కి తాడుతో కట్టేసే ఉంచండి, బ్రేకుని నమ్మొద్దు. గేర్ డబ్బాలో నూనె ఏడాదికోసారి మార్చాలి.

చిన్న గాలి ఉన్న రోజు చూసి బ్రేకు వదలండి. మొదటి పెద్ద గాలి వెళ్లిన మర్నాడు చక్రాన్ని మళ్లీ కట్టేసి, స్పానర్ పట్టుకుని పైదాకా ఎక్కండి. ప్రతిసారీ నాలుగైదు నట్లు వదులై కనిపిస్తాయి.