ఇటాలియన్ ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో, నేడు ఎక్కడెక్కడ ఉందో కనుక్కోవడం ఎలా?

ఇటలీలో సుమారు మూడున్నర లక్షల ఇంటిపేర్లు ఉన్నాయని అంచనా. ఇటాలియన్లు ఇంటిపేరును కొన్యోమె అంటారు. ఆ దేశం 1861లో మాత్రమే ఒక్క రాజ్యంగా ఏర్పడింది. అంతకు ముందు వందల ఏళ్లు వేరువేరు రాజ్యాలుగా, వేరువేరు మాండలికాలతో ఉండటం వల్ల చాలా ఇంటిపేర్లు నేటికీ తమ పుట్టినింటి గుర్తును వదులుకోలేదు. మీ స్నేహితుడిదో, అభిమాన ఆటగాడిదో, వంశవృక్షంలో తారసపడిన ముత్తాతదో ఒక ఇటాలియన్ ఇంటిపేరు మీ చేతిలో ఉంటే, అది ఏ ప్రాంతంలో పుట్టిందో, ఎలా వ్యాపించిందో ఇంట్లో కూర్చునే చాలావరకు తేల్చవచ్చు. ఈ వ్యాసంలో నేపుల్స్ నగరానికి చెందిన ‘ఎస్పోజితో’ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇంటిపేర్ల వేటలో ఎదురయ్యే చిక్కుల్లో ముఖ్యమైనవన్నీ ఆ ఒక్క పేరులోనే కనిపిస్తాయి.

మొదట పేరును అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. ఏ అచ్చుతో ముగుస్తుందో, ముందు ‘ది’, ‘దె’, ‘దెల్లా’ వంటి ముక్క ఉందో లేదో, ద్విత్వం ఉందో లేదో గమనించండి, ఎందుకంటే ప్రాంతం గురించిన తొలి ఆచూకీ అర్థంలో కాక ముగింపులో దొరుకుతుంది. ఉత్తర, మధ్య ఇటలీలో బహువచన రూపమైన ‘ఇ’కారాంతం ఎక్కువ, దక్షిణాన ఏకవచనమైన ‘ఓ’కారాంతం ఎక్కువ. అందుకే ఎర్ర జుట్టు మనిషి వంశం ఉత్తరాన, మధ్య ప్రాంతాల్లో ‘రొస్సి’ అయింది, దక్షిణాన ‘రుస్సో’ అయింది. వెనెతో ప్రాంతంలో చివరి అచ్చు రాలిపోయి త్రెవిజాన్, విజెంతిన్, ఫుర్లాన్ వంటి పొల్లుతో ముగిసే పేర్లు మిగిలాయి. సన్నా, పీరాస్, మెలిస్ అని వింటే సార్డీనియా ద్వీపం వైపు చూడాలి. చివరి అక్షరాన్ని ఒత్తి పలికే ‘లగనా’ వంటి పేర్లు కలాబ్రియాలో ఒకప్పుడు విస్తారంగా మాట్లాడిన గ్రీకు భాష వదిలిన జాడలు. కమ్మరి వృత్తి ఒక్కటే ఎన్ని రూపాలు ఎత్తిందో చూస్తే ఈ పద్ధతి ఎంత పనికొస్తుందో తెలుస్తుంది: ఎమీలియా, లొంబార్డీల్లో ఫెర్రారి, పియెమోంతెలో ఫెర్రెరో, దక్షిణాన ఫెర్రారో, రొమాన్యా, తోస్కానాల్లో ఫబ్బ్రి, వెనెతోలో ఫవారో. అర్థం ఒకటే అయినా నేలలు వేరు.

రెండో పని అర్థం వెదకడం. ఇటాలియన్ ఇంటిపేర్లలో ఎక్కువ భాగం తండ్రి పేరు, వృత్తి, శరీర లక్షణం లేక మారుపేరు, ఊరు అనే నాలుగు మూలాల్లో ఏదో ఒకదాని నుంచి వస్తాయి. ఊరి నుంచి వచ్చిన పేర్ల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త అవసరం. త్రెవిజాన్ అంటే త్రెవిజోకు చెందినవాడు, జెనొవేజె అంటే జెనోవావాడు. కానీ జెనోవాలో అందరూ జెనోవావారే కాబట్టి అక్కడ ఆ పేరుతో ఎవరినీ ప్రత్యేకంగా పిలవనక్కర్లేదు. ఆ పేరు ఊరు విడిచి వేరేచోట స్థిరపడినవాడికి పొరుగువారు పెట్టింది. మన తెలుగు ఇంటిపేర్లలో ఊరి పేరున్న కుటుంబాలు తరచుగా ఆ ఊరికి దూరంగానే కనిపిస్తాయి కనుక ఈ తర్కం మనకు కొత్తేమీ కాదు.

ఎస్పోజితో ఈ నాలుగు మూలాల్లో దేనిలోనూ ఇమడదు. లాటిన్‌లో ‘ఎక్స్‌పోజితుస్’ అంటే బయట ఉంచబడినవాడు, అంటే కన్నవారు వదిలివెళ్లిన పసికందు. నేపుల్స్‌లో 14వ శతాబ్దంలో వెలసిన అన్నున్సియాతా అనే ధర్మసంస్థ ఇలాంటి పిల్లలను చేర్చుకునేది. ఆ సంస్థ గోడలో ‘రువోతా’ అనే చక్రం ఉండేది: నిలువుగా నిలబెట్టిన బోలు చెక్క పీపా వంటి ఆ అమరికలో బయటినుంచి బిడ్డను ఉంచి తిప్పితే, బిడ్డ లోపలివారికి చేరుతుంది, తెచ్చినవారి ముఖం ఎవరికీ కనిపించదు. 1875లో మూసివేసేవరకు ఆ చక్రం తిరుగుతూనే ఉంది. అలా చేరిన పిల్లల్లో లెక్కలేనంతమందికి ఎస్పోజితో అనే పేరు పెట్టారు. వారి సంతానానికి అదే ఇంటిపేరు అయింది. ఆ పేరు మోసేవారికి జీవితాంతం మచ్చగా మారుతున్నదన్న కారణంతో 19వ శతాబ్దం తొలినాళ్లలో, జోవాకిమ్ మ్యురా నేపుల్స్‌ను ఏలిన కాలంలో, కొత్తగా దొరికిన పిల్లలకు దానిని పెట్టడాన్ని నిషేధించారు. అయితే అప్పటికే ఆ పేరున్న కుటుంబాలు పెరిగి విస్తరించడం ఆగలేదు. నేడు ఇటలీ మొత్తంలో అత్యధికంగా కనిపించే తొలి ఐదారు ఇంటిపేర్లలో ఎస్పోజితో ఒకటి.

వదిలేసిన బిడ్డలకు ఇంటిపేరు పెట్టే పద్ధతి నగరానికొక తీరుగా ఉండేది. మీ దగ్గరున్న పేరు కూడా ఈ కోవలోదేమో చూసుకోవడం మంచిది. రోమ్‌లో ‘ప్రొయెత్తి’, ఫ్లోరెన్స్‌లో ‘ఇన్నొచెంతి’, బొలోన్యాలో ‘దెల్యి ఎస్పోస్తి’, సిసిలీలో ‘త్రొవాతో’ (దొరికినవాడు) అనేవి ఇదే కథ చెబుతాయి. ఫ్లోరెన్స్ పేరు వెనుక వాస్తుశిల్పి బ్రునెల్లెస్కి రూపకల్పన చేసిన, 1445లో పిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టిన ‘అమాయకుల ఆసుపత్రి’ ఉంది. మిలాన్‌లో పెద్దాసుపత్రి చిహ్నం పావురం కాబట్టి అక్కడి పిల్లలకు పావురం అనే అర్థమున్న ‘కొలొంబో’ పేరు దక్కింది. అంతమాత్రాన ప్రతి కొలొంబో వంశానికీ ఆసుపత్రి గోడే మూలమనుకోకూడదు. 1451 ప్రాంతంలో జెనోవాలో పుట్టిన క్రిస్టఫర్ కొలంబస్ ఇంటిపేరు కూడా అదే. అది కొలొంబో అనే పాత వ్యక్తినామం నుంచి వచ్చింది. ఒకే పేరు పలుచోట్ల, పలు కారణాలతో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పుట్టవచ్చు.

ఈ సంగతి గుర్తుంటే ఇంకో మోసం నుంచి కూడా బయటపడతారు. ‘మీ ఇంటిపేరు రాజముద్ర’ అంటూ రంగుల డాలు బొమ్మలు అమ్మే దుకాణాలు అంతర్జాలంలో కోకొల్లలు. రాజముద్ర ఫలానా కుటుంబానికి దక్కేది తప్ప ఇంటిపేరుకు దక్కేది కాదు. చక్రంలో పెట్టిన పసికందు పేరుకు సింహాలూ కిరీటాలూ గీసి అమ్మేవారిని చూస్తే నవ్వాలో జాలిపడాలో తెలియదు.

ఇప్పుడు పటం తెరవండి. ఇంటిపేర్ల విస్తరణను చూపే వెబ్‌సైట్లు ఇటలీకి చాలానే ఉన్నాయి. కొన్యోమిక్స్, జెన్స్ అనేవి బాగా వాడుకలో ఉన్నాయి. పేరు కొడితే ప్రాంతాలవారీగా, కొన్నిసార్లు ఊళ్లవారీగా లెక్క వస్తుంది. ఇలాంటి పటాలకు ఎక్కువగా ఆధారమైనవి టెలిఫోన్ డైరెక్టరీలు కాబట్టి ఆ అంకెలు మనుషులవి కావు, ఫోను కనెక్షన్ ఉన్న కుటుంబాలవి. అంతకంటే ముఖ్యమైన మెలిక జనాభా. లొంబార్డీలో దాదాపు కోటి మంది ఉంటే మొలీజెలో మూడు లక్షల మంది కూడా లేరు. అందువల్ల లొంబార్డీలో 300 కుటుంబాలు, మొలీజెలో 60 కుటుంబాలు కనిపిస్తే ఆ పేరు లొంబార్డీదని తేల్చేయడం పొరపాటు. ప్రతి లక్ష మందికి ఎన్ని కుటుంబాలో లెక్కిస్తే మొలీజెలో ఆ పేరు ఆరేడు రెట్లు చిక్కగా ఉందని తేలుతుంది. అంకెను జనాభాతో భాగించకుండా పటాన్ని చదివితే ప్రతి ఇంటిపేరూ మిలాన్‌లోనో రోమ్‌లోనో పుట్టినట్టే కనిపిస్తుంది.

ఎస్పోజితో పటంలో ముదురు మచ్చ నేపుల్స్, దాని చుట్టూ ఉన్న కాంపానియా మీద పడుతుంది. తురీన్, మిలాన్ చుట్టూ కూడా గణనీయమైన సంఖ్యలు కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, ముఖ్యంగా 1950, 60 దశకాల్లో, దక్షిణ ఇటలీ పల్లెల నుంచి లక్షలాది మంది ఉత్తరాది కర్మాగారాలకు పనికి వెళ్లారు. తురీన్‌లోని ఫియట్ కార్ల కర్మాగారం వారిలో చాలామందికి గమ్యం. కాబట్టి ఉత్తరాది పెద్ద నగరాల్లో కనిపించే ‘ఓ’కారాంత దక్షిణాది పేర్లను మూలస్థానానికి ఆధారంగా తీసుకోకండి. చిన్న పట్టణాల్లో, కొండ ఊళ్లలో కనిపించే గుంపులే నమ్మదగినవి, ఎందుకంటే బయటివారు పని వెతుక్కుంటూ అక్కడికి వచ్చి స్థిరపడటం అరుదు.

పటం ఇచ్చేది అనుమానం. దానిని రుజువు చేసేది రిజిస్టరు. ఇక్కడే అసలు శ్రమ, అసలు ఆనందం కూడా. కాథలిక్ చర్చి ట్రెంట్ మహాసభ 1563లో వివాహ రికార్డులను తప్పనిసరి చేసింది. బాప్తిస్మం, పెళ్లి పుస్తకాలు చాలా ఊళ్లలో ఆ కాలం నుంచి మొదలవుతాయి. ప్రభుత్వ జనన మరణ రిజిస్టర్లు నెపోలియన్ ఏలుబడితో వచ్చాయి. దక్షిణాది ప్రధాన భూభాగంలో ఇవి సాధారణంగా 1809 నుంచి, సిసిలీలో 1820 నుంచి అవిచ్ఛిన్నంగా ఉన్నాయి. ఉత్తరాదిలో చాలాచోట్ల నెపోలియన్ పతనం తర్వాత ఆగిపోయి, ఐక్య ఇటలీలో 1866 నుంచి, వెనెతోలో 1871 నుంచి మళ్లీ మొదలయ్యాయి. అంటే, సాధారణంగా వెనుకబడినదనుకునే దక్షిణాదే ఈ విషయంలో ముందుంది. ఈ రిజిస్టర్లలో పెద్ద భాగాన్ని ఇటలీ రాజ్య పత్రాగారాలు ‘అంతెనాతి’ అనే పోర్టల్‌లో ఉచితంగా ఉంచాయి. ఫ్యామిలీసెర్చ్ సైటులో కూడా చాలా ఉన్నాయి.

అంతెనాతిలో పటం సూచించిన జిల్లాను, ఆపై కొమూనెను, అంటే పురపాలక గ్రామాన్ని ఎంచుకుని, ముందుగా సంవత్సరాంతపు సూచికను గానీ పదేళ్ల సూచికను గానీ తెరవండి. ఆ ఊళ్లో ఆ ఇంటిపేరు ఎంతకాలంగా, ఎన్ని గడపల్లో ఉందో అక్కడే తేలిపోతుంది. దే లూకా, ది పియెత్రో వంటివాటిని ‘ద’ కింద వెతకాలి. రికార్డుల్లో తరచుగా ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత ఉంటుంది. తెలుగువారికి ఇది సొంత ఇల్లులా అనిపిస్తుంది. తండ్రి పేరుకు ముందు ‘ది’ అని ఉంటే ఆయన బతికే ఉన్నాడని, ‘ఫూ’ అని ఉంటే చనిపోయాడని అర్థం. స్త్రీలు పెళ్లి తర్వాత కూడా రికార్డుల్లో పుట్టింటి ఇంటిపేరుతోనే కనిపిస్తారు, కాబట్టి తల్లి వైపు వంశాన్ని వెతకడం మన రికార్డులకంటే ఎంతో తేలిక.

ఒకే ఒక్క రకం కాగితం చూసే ఓపిక ఉంటే, దక్షిణాదిలో ‘ప్రొచెసెత్తి’ అనే పెళ్లి కట్టలను చూడండి. అప్పట్లో పెళ్లికి తండ్రి అనుమతి కావాల్సి వచ్చేది. తండ్రి లేకపోతే తాతది కావాల్సి వచ్చేది. కాబట్టి వధూవరుల జనన పత్రాలతో పాటు చనిపోయిన తండ్రి, తాతల మరణ పత్రాలు కూడా ఆ కట్టలో చేరేవి. 1820లో జరిగిన పెళ్లి కట్టలో 18వ శతాబ్దంలో పుట్టిన తాత పేరు దొరకడం ఆశ్చర్యం కాదు. మూడు తరాలు ఒక్క దారంతో కుట్టి దొరుకుతాయి.

ఎస్పోజితో వంటి పేరుతో ఈ మెట్లు దిగుతూ పోతే ఒకచోట గోడ తగలవచ్చు. వదిలేసిన బిడ్డ జనన పత్రంలో తల్లిదండ్రుల స్థానంలో, చక్రం దగ్గర బిడ్డను అందుకునే ఉద్యోగిని వచ్చి, ఏ పూట, ఏ గుడ్డలో చుట్టి దొరికిందో, ఒంటి మీద ఏ గుర్తులున్నాయో చెప్పినట్టు ఉంటుంది. పేరును అధికారి పెట్టాడని ఉంటుంది. ఎప్పటికైనా తిరిగి వచ్చి గుర్తుపట్టాలన్న ఆశతో కొందరు తల్లులు సగం విరిచిన పతకాన్ని బిడ్డ మెడలో కట్టేవారు; ఆ వివరం కూడా రాసిపెట్టారు. వంశవృక్షం ఆ కొమ్మ దగ్గర ఆగిపోతుంది. అందుకే నేపుల్స్‌లో ఇద్దరు ఎస్పోజితోలు ఎదురుపడితే వారు బంధువులయ్యే అవకాశం చాలా తక్కువ.

విదేశాల్లో ఆ పేరు ఎక్కడెక్కడ ఉందో చివరగా చూడండి. 1876 నుంచి 1915 వరకు దాదాపు కోటి నలభై లక్షల మంది ఇటలీ విడిచి వెళ్లారు. అమెరికా, అర్జెంటీనా, బ్రెజిల్ వారి ప్రధాన గమ్యాలు. న్యూయార్క్ ఎల్లిస్ దీవిలో, 1892లో తెరిచిన వలస కేంద్రంలో, గుమాస్తాలు ఇంటిపేర్లు మార్చేశారన్న కథ ప్రతి వలస కుటుంబంలోనూ వినిపిస్తుంది, కానీ అక్కడి గుమాస్తాలు కొత్తగా పేర్లు రాసుకోలేదు. బయలుదేరిన రేవులో తయారైన ఓడ జాబితాతో సరిచూశారు. మార్పులు సాధారణంగా తర్వాత బడిలో, పనిచోట, పౌరసత్వ దరఖాస్తులో జరిగాయి. కనుక ఓడ జాబితాలో అసలు రూపం దొరుకుతుంది. ఉచ్చారణ మాత్రం మారింది: నేపుల్స్‌లో ‘స్పో’ మీద ఊనిక ఉండే ఎస్పోజితో, అమెరికాలో ‘ఎస్పొసీటో’ అయింది. అర్జెంటీనాలో మరో చిక్కు ఉంది. స్పెయిన్‌లో కూడా వదిలేసిన బిడ్డలకు ‘ఎక్స్‌పోసితో’ అనే పేరు స్వతంత్రంగా పుట్టింది; అక్కడి పత్రాల్లో రెండూ కలగలిసిపోతాయి కాబట్టి ఓడ ఏ రేవు నుంచి బయలుదేరిందో చూడకుండా ఇటాలియన్ వంశమని తేల్చకండి.

ఇటీవలి దశాబ్దాల జనన పత్రాలు ఆన్‌లైన్‌లో ఉండవు. వాటికోసం సంబంధిత కొమూనె కార్యాలయానికి ఇటాలియన్‌లో చిన్న ఉత్తరమో ఈమెయిలో రాయాలి. పూర్తి పేరు, పుట్టిన తేదీ, తెలిసినంతవరకు తల్లిదండ్రుల పేర్లు, మీకున్న బంధుత్వం రాసి, గుర్తింపు పత్రం నకలు జతచేయండి. ఒక ఉత్తరంలో ఒక్క వ్యక్తి గురించే అడగండి. చిన్న ఊరి కార్యాలయంలో ఈ పనికి ఉండేది ఒకరిద్దరే; పదిమంది పేర్లున్న జాబితా కంటే ఒక్క పేరున్న ఉత్తరానికే జవాబు త్వరగా వస్తుంది.