బగ్ ట్రాకర్ ఫారం: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

సాఫ్ట్‌వేర్‌లో బగ్ (లోపం) కళ్ల ముందే కనిపిస్తున్నా, బగ్‌లను నమోదు చేసే ట్రాకర్‌లో రిపోర్ట్ రాయకుండా వదిలేస్తున్నారంటే ముందు ఫారాన్ని అనుమానించండి. అందులో సగం ప్రశ్నలకు జవాబు, రిపోర్ట్ రాసేవాళ్లకు తెలియదు, డెవలపర్‌కే తెలుస్తుంది.

ఈమధ్య వచ్చిన 50 బగ్‌లను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒక్కో ఫీల్డ్‌లో డిఫాల్ట్ విలువే మిగిలిపోయినవి ఎన్నో లెక్కపెట్టండి. 50లో 45కి ప్రయారిటీ 'మీడియం' అని ఉంటే దాన్ని ఎవరూ ఎంచుకోలేదు, అలా ఉండిపోయిందంతే. తర్వాత హిస్టరీలో చూసి, ట్రయాజ్ చేసేవాళ్లు (వచ్చిన బగ్‌లను పరిశీలించి వర్గీకరించేవాళ్లు) తరచూ మార్చే ఫీల్డ్‌లు గుర్తుపెట్టుకోండి. ఈ రెండు రకాలనూ కొత్త బగ్ రాసే స్క్రీన్ నుంచి తీసేయండి. ఫీల్డ్‌ను డిలీట్ చేయనక్కర్లేదు: జిరా అనే ట్రాకర్‌లో కొత్త బగ్ రాసే క్రియేట్ స్క్రీన్, తర్వాత దిద్దే ఎడిట్ స్క్రీన్ వేర్వేరుగా పెట్టుకోవచ్చు.

టైటిల్, వెర్షన్, ఏం చేశారు, ఏం జరిగింది, ఏం జరగాల్సింది, స్క్రీన్‌షాట్: ఇవి చాలు. అన్నింటినీ తప్పనిసరి చేయకండి. తెలియని గడిని దాటడానికి జనం చుక్క పెట్టేసి పోతారు, ఆ చుక్క ఖాళీ కంటే చెడ్డది. ఎంత నష్టమో చెప్పే సివియరిటీని రిపోర్టర్‌ను అడగొచ్చు. ఏది ముందు చేయాలో చెప్పే ప్రయారిటీ మాత్రం టీమ్ చేతిలోనే ఉండాలి.

కాంపొనెంట్ (బగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఏ భాగంలో ఉందో చెప్పే ఫీల్డ్) జాబితాలో కోడ్ మాడ్యూల్ పేర్లకు బదులు తెర మీద కనిపించే పేర్లు పెట్టండి. 'తెలియదు' అనే ఎంపిక ఉండాలి, దానికి ఒక బాధ్యుడూ ఉండాలి. లేకపోతే అందులో పడ్డ బగ్ అక్కడే కుళ్లిపోతుంది.

ఆటోమేటిక్‌గా నిండే ఫీల్డ్‌లను కూడా ఒకసారి పరీక్షించండి. బగ్‌జిల్లా అనే ట్రాకర్ మీ బ్రౌజర్‌ను చూసి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఊహిస్తుంది. ఫోన్‌లో వచ్చిన బగ్‌ను ల్యాప్‌టాప్ నుంచి రాస్తే అక్కడ ల్యాప్‌టాప్ వివరమే పడుతుంది, డెవలపర్ తప్పు చోట వెతుకుతాడు.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది జిరాలోని రిజల్యూషన్, అంటే బగ్ ఎలా ముగిసిందో చెప్పే ఫీల్డ్. స్టేటస్ 'డన్' అయినా రిజల్యూషన్ ఖాళీగా ఉంటే జిరా లెక్కలో ఆ బగ్ తెరిచి ఉన్నట్టే, రిపోర్ట్‌లలో వస్తూనే ఉంటుంది. ఇలా సరిచేయండి:

1. బగ్‌ను మూసే ట్రాన్సిషన్‌లో (ఒక స్టేటస్ నుంచి మరో స్టేటస్‌కు మార్చే దశలో) పోస్ట్ ఫంక్షన్‌తో, అంటే ఆ మార్పు తర్వాత దానంతటదే జరిగే పనితో, రిజల్యూషన్ నింపండి, లేదా ఆ ట్రాన్సిషన్ స్క్రీన్‌లోనే అడగండి.
2. తిరిగి తెరిచే ట్రాన్సిషన్‌లో దాన్ని ఖాళీ చేయండి.
3. రిజల్యూషన్‌ను ఎడిట్ స్క్రీన్ నుంచి తీసేయండి. అక్కడ ఉంటే, టైటిల్‌లో అక్షరం దిద్దినా తెలియకుండా రిజల్యూషన్ పడి బగ్ మూసినట్టు లెక్కకు రావచ్చు.
4. 'అన్‌రిజాల్వ్డ్' అనే పేరుతో కొత్త రిజల్యూషన్ సృష్టించకండి. పేరేదైనా, విలువ ఉందంటే జిరాకు అది పరిష్కారమైనట్టే.

ఇప్పటికే రిజల్యూషన్ ఖాళీగా మూసేసిన పాత బగ్‌లను, చాలా బగ్‌లను ఒకేసారి మార్చే బల్క్ చేంజ్‌తో తెరిచి మళ్లీ మూయండి. ఆ ముందు మెయిల్ పంపే టిక్ తీసేయడం మరవద్దు, లేదంటే అందరి ఇన్‌బాక్స్‌లూ నిండిపోతాయి. మెయిళ్ల వరద ఒకసారి వచ్చిందంటే జనం ఫిల్టర్ పెట్టేస్తారు, ఆ తర్వాత నిజంగా అవసరమైన మెయిల్ కూడా చూడరు.

చివరగా, ఈ ట్రాకర్ ఎప్పుడూ వాడనివాళ్లను ముగ్గురిని కూర్చోబెట్టి తలా ఒక బగ్ చూపించి రాయమనండి. పక్కన ఉండండి, సాయం చేయకండి. ఎవరు ఏ గడి దగ్గర ఆగారో, ఎంతసేపు ఆగారో రాసుకోండి. ఇద్దరు ఒకే చోట ఆగితే ముందు దాన్నే మార్చండి.