చిన్నపిల్లలకు మొదటి పాట క్లాసు: శిక్షణలో ఉన్న సంగీత విద్యార్థులకు

అయిదారేళ్ల పిల్లలకు అరగంట క్లాసు తీసుకునే ముందు, అదే క్లాసులో రెండుసార్లు వెనక కూర్చుని చూడండి. టీచరు ఏ సైగ చేస్తే పిల్లలు సద్దుమణుగుతున్నారో రాసుకోండి. మీరూ అదే సైగ వాడొచ్చు. కూర్చున్న వరుసలోనే పేర్లు కూడా రాసుకుంటే మంచిది.

పాటకు నాలుగు చిన్న పాదాలు చాలు. శ్రుతి మాత్రం జాగ్రత్త. మిడిల్ సి (కీబోర్డు మధ్యలో ఉండే సి) పైనున్న డి నుంచి ‘ఎ’ దాకా ఉన్న స్వరాలు ఈ వయసు గొంతులకు హాయి. కొత్తవాళ్లు తమకు వీలైన శ్రుతిలో ఎత్తుకుంటారు, అది చాలాసార్లు పిల్లలకు మరీ కిందికి పోతుంది. అక్కడ వాళ్ల గొంతు పాటలోంచి మాటలోకి జారుతుంది. మనమేమో వాళ్లకు శ్రుతిజ్ఞానం లేదనుకుంటాం! ప్రతిసారీ కీబోర్డు మీద మొదటి స్వరం వినిపించాకే ఎత్తుకోండి. మగగొంతు ఒక స్థాయి కింద పలుకుతుంది కాబట్టి కొందరు పిల్లలు దాన్నే అందుకోబోయి గొణుగుతారు. అలాంటప్పుడు ఆ పాదాన్ని పైస్థాయిలో పలచగా పాడి చూపించండి, లేదా శ్రుతి నిలిచిన పిల్ల చేత పాడించండి.

హాజరుతో మొదలుపెట్టండి. పేరును పా నుంచి అంతర గాంధారానికి దించి పాడితే, పిల్లవాడు అదే వరసలో "ఉన్నాను" అంటాడు. హంగరీ సంగీతకారుడు జోల్తాన్ కొడాయ్ (1882–1967) పేరుమీద వచ్చిన పద్ధతిలో స్వరాలు నేర్పడం ఈ రెండింటితోనే మొదలవుతుంది. ఎవరి శ్రుతి ఎక్కడుందో అయిదు నిమిషాల్లో మీకు తెలిసిపోతుంది. తప్పు పాడినవాణ్ని అక్కడే దిద్దకండి. రేపటి నుంచి నోరు విప్పడు.

ఇక పాట. ముందు మూడుసార్లు మీరే పాడండి, వాళ్లు వింటారు. ఊరికే వినమంటే వినరు కాబట్టి ప్రతిసారీ ఒక పని ఇవ్వండి: "ఇందులో ఏ జంతువు వచ్చింది?", "ఆ మాట ఎన్నిసార్లు వచ్చింది?", "ఈసారి మోకాళ్ల మీద తాళం వేస్తూ వినండి". తర్వాత ఒక్కో పాదం. చెయ్యి మీ గుండె మీద పెడితే మీ వంతు, వాళ్ల వైపు చాపితే వాళ్ల వంతు. వాళ్ల వంతులో మీరు పాడకండి. పాడితే మీ గొంతే మీకు వినిపిస్తుంది, వాళ్లెక్కడ తప్పుతున్నారో తెలియదు. వాళ్లకూ మీ మీద ఆనుకోవడం అలవాటవుతుంది. నాలుగో పాదం దాకా వచ్చాక రెండేసి పాదాలు కలపండి. నేర్పేటప్పుడు బాగా నెమ్మదిగా పాడితే తేలికనుకుంటాం. నిమిషానికి 60 దెబ్బల లయలో పిల్లలు ఆగలేక ముందుకు పరిగెడతారు, ఊపిరీ చాలదు. 100 దగ్గర కుదురుతారు.

వాయిద్యాలు చివరి పది నిమిషాలకు. ఏం చెయ్యాలో చెప్పేశాకే పంచండి, చేతిలో గిలక్కాయ పడ్డాక మీ మాట ఎవరికీ వినబడదు. ఇరవై మందికి ఎనిమిది చాలు. మిగతావాళ్లు తొడ మీద తాళం వేస్తారు, పాట అయ్యాక పక్కవాళ్ల వంతు. "ఆపండి" అని అరిచేకంటే వాయిద్యం నేల మీద పెట్టడాన్ని కూడా ఆటగా ముందే రెండుసార్లు చేయించండి.

బడివాళ్ల అనుమతి ఉంటే ఫోనులో ఆడియో రికార్డు చేసి, ఆ సాయంత్రమే వినండి. మీరు మాట్లాడిన నిమిషాలు ఒక గడిలో, పిల్లలు పాడినవి ఇంకో గడిలో రాయండి. మొదటి గడి పెద్దదైతే వచ్చే క్లాసులో వివరణలు కోసేయండి.