నాలుక చెప్పేదెంత, ముక్కు చెప్పేదెంత: వంటింట్లోనే తేల్చుకోండి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని ల్యాబ్‌లో నా ఉద్యోగం. సీజన్ మొదలైతే తోతాపురి కాయల లోడ్లు గేటు బయట బారులు తీరతాయి. ప్రతి బ్యాచ్‌కీ బ్రిక్స్ చూడాలి, పులుపు చూడాలి, ఆ తర్వాత చెంచాతో నోట్లో వేసుకుని చూడాలి. మొదటి రెండింటికీ మీటర్లు, గాజు సామాన్లు ఉన్నాయి. మూడోది మనిషే చెయ్యాలి. రసంలో కరిగిన పదార్థం ఎంతుందో బ్రిక్స్ మీటరు చెబుతుంది గానీ, ఆ గుజ్జు పండు మాదిరి ఉందా, పులవడం మొదలైందా అన్నది చెప్పలేదు.

అందుకే కొత్తగా చేరినవాళ్లకి నేను ముందు నేర్పేది రుచిని విడదీసి చూడటం. నోట్లో ఏం పెట్టుకున్నా మెదడుకి మూడు దారుల్లో కబురు పోతుంది. నాలుక నుంచి ఒకటి, ముక్కు పైకప్పు నుంచి ఒకటి, మంటనీ చలువనీ పసిగట్టే నరం నుంచి ఇంకొకటి. మూడూ కలిసే వస్తాయి కాబట్టి అంతా నాలుక ఘనతే అనుకుంటాం. వీటిని విడదీయడానికి ల్యాబ్ అవసరం లేదు. పంచదార, ఉప్పు, నిమ్మకాయ, మెంతులు, కాస్త మామిడి తాండ్ర ఉంటే చాలు. పిల్లలున్న ఇంట్లో అయితే ఆదివారం పొద్దున అందరూ కలిసి చెయ్యండి.

ముందు చెయ్యాల్సినవి చెబుతాను. పళ్ళు తోముకున్న వెంటనే మొదలుపెట్టకండి. టూత్‌పేస్ట్‌లో నురగ తెప్పించే పదార్థం తీపిని తగ్గించి చేదును పెంచుతుంది. గంట సేపు ఆగాలి. కాఫీ, వక్కాకు అంతకుముందు వద్దు. గదిలో అగరొత్తులు వద్దు, తలలో మల్లెపూలు కూడా తీసి పక్కన పెట్టాలి. మా ల్యాబ్‌లో సెంటు పూసుకుని వస్తే ఆ రోజు టేస్టింగ్‌కి కూర్చోనివ్వను. ఒక్కో రుచికీ మధ్య నోరు కడుక్కోవడానికి మామూలు నీళ్ళు, నమలడానికి ఉప్పు కారం లేని బొరుగులు పెట్టుకోండి. బొరుగులు నాలుక మీద మిగిలిన జిడ్డునీ రుచినీ బాగా లాగేస్తాయి.

ఇప్పుడు అద్దం ముందు నాలుక చాపండి. ఒక గుక్క పాలు పుక్కిలించి చూస్తే ఇంకా బాగా కనబడుతుంది. తెల్లగా, గరుకుగా ఉన్న నూగు రుచి చూడదు. అది తిండిని పట్టుకోవడానికే. వాటి మధ్య గులాబీ రంగు చుక్కలు కనబడతాయి, వాటిలో రుచి మొగ్గలు ఉంటాయి. నాలుక మొదట్లో, గొంతు దగ్గర, పెద్ద బొడిపెలు వరుసగా ఉంటాయి, వాటి గోడల్లోనూ మొగ్గలు ఉంటాయి. ఒక్కో మొగ్గలో 50 నుంచి 100 దాకా కణాలు. ఈ కణాలు ఎక్కువ కాలం బతకవు. సుమారు పది రోజులకి పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి. వేడి కాఫీకి నాలుక కాలి రుచి తెలియకుండా పోయినా కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చేస్తుందంటే కారణం ఇదే.

తర్వాత ఐదు గ్లాసులు. ఒక్కో దాంట్లో 200 మిల్లీలీటర్ల నీళ్ళు. ఒకదాంట్లో రెండు చెంచాల పంచదార, ఒకదాంట్లో పావు చెంచా ఉప్పు, ఒకదాంట్లో అర నిమ్మచెక్క రసం, ఒకదాంట్లో రాత్రంతా మెంతులు నానబెట్టి వడగట్టిన నీళ్ళు, చివరిదాంట్లో చిటికెడు అజినోమోటో. ఆ చివరిది ఉమామి. జపాన్‌లో కికునాయె ఇకెడా 1908లో సముద్రపు నాచు పులుసు నుంచి గ్లుటమేట్‌ని విడదీసి చూపించిన రుచి అది. మదనపల్లె టమోటా బాగా పండాక దాంట్లో వచ్చే నిండుదనం చాలా వరకు ఈ గ్లుటమేట్‌దే.

దూది పుల్లని ఒక్కో నీళ్ళలో ముంచి నాలుక కొసన, పక్కన, వెనకాల తాకించండి. తీపి కొసకే, చేదు వెనకే అని బడిలో బొమ్మ గీయించేవాళ్లు. తాకించి చూస్తే మీకే తెలుస్తుంది, మొగ్గలున్న ప్రతి చోటా అన్నీ తెలుస్తాయి. డేవిడ్ హేనిగ్ అనే జర్మన్ 1901లో చూపించింది ఒక్కో చోట కాస్త ఎక్కువ తక్కువ ఉంటుందని మాత్రమే. తర్వాత పుస్తకాల్లోకి వచ్చేసరికి అది గీతలు గీసిన పటం అయిపోయింది. మా చెల్లెలి కూతురి పరీక్షలో ఇప్పటికీ ఆ బొమ్మ అడుగుతుంటే నాకు బాధగా ఉంటుంది. ఒక దూది పుల్లతో తేలిపోయే సంగతి అది.

కణం లోపల జరిగేది ఐదింటికీ ఒకటే కాదు. ఉప్పుదీ పులుపుదీ సూటి దారి. ఉప్పులోని సోడియం అయాన్లు కణం గోడలో ఉన్న సన్నని దారుల గుండా నేరుగా లోపలికి వెళ్ళిపోతాయి. నిమ్మరసంలోని హైడ్రోజన్ అయాన్లకి వేరే దారి ఉంది, దాన్ని తయారుచేసే ప్రోటీన్ పేరు ఓటాప్1. అయాన్లంటే విద్యుదావేశమున్న కణికలు, అవి లోపలికి చేరగానే కణంలో విద్యుత్తు మారుతుంది, ఆ మార్పే నరానికి కబురు.

తీపి, చేదు, ఉమామి అలా కావు. పంచదార కణం గోడ దాటాల్సిన పని లేదు. బయటే గోడ మీద కూర్చున్న రిసెప్టర్ అనే ప్రోటీన్‌కి తగులుకుంటుంది. అప్పుడు ఆ ప్రోటీన్ లోపలివైపు ఆకారం మారి, కణం లోపల కబురు అందించే జి-ప్రోటీన్‌ని కదిలిస్తుంది. అది ఒక ఎంజైమ్‌ని లేపుతుంది, కణంలో దాచిపెట్టిన కాల్షియం బయటపడుతుంది, దాంతో సోడియం దారి తెరుచుకుంటుంది, చివరకి కణం ఏటీపీని బయటికి వదులుతుంది. ఒంట్లో శక్తికి వాడుకునే ఆ ఏటీపీయే ఇక్కడ నరాన్ని తట్టే వార్త అవుతుంది. తీపికి రెండు ప్రోటీన్లు జతగా పనిచేస్తాయి, టి1ఆర్2, టి1ఆర్3 అని వాటి పేర్లు. చేదుకి మాత్రం మనిషిలో సుమారు 25 రకాల రిసెప్టర్లు ఉన్నాయి. మొక్కల్లో ఉండే విషాల్లో చాలావాటికి చేదు ఉంటుంది, అవి రకరకాల ఆకారాల్లో ఉంటాయి, అందుకే అన్ని కావలసి వచ్చాయి.

తీపి రిసెప్టర్ నిజంగా ఉందని కళ్ళారా, కాదు, నోరారా తెలుసుకోవాలంటే పొడపత్రి తెచ్చుకోండి. మన వైపు అడవుల్లో చెట్ల మీదకి పాకే తీగ. ఆకు దొరక్కపోతే ఆయుర్వేద మందుల షాపులో పొడి దొరుకుతుంది. రెండు ఆకులు బాగా నమిలి, రసం నాలుకంతా తగిలేట్టు అర నిమిషం తిప్పి ఉమ్మెయ్యండి. నోరు కడుక్కుని పంచదార వేసుకోండి. ఇసుక నమిలినట్టు ఉంటుంది. గింజలు పంటి కింద నలుగుతాయి, కరుగుతాయి, తీపి మాత్రం రాదు. దీని మీదే తిరుపతి లడ్డూ ముక్క నోట్లో పెట్టుకుంటే నెయ్యి, యాలకులు, శనగపిండి వాసన అన్నీ తెలుస్తాయి, కలకండ పలుకు చప్పటి రాయిలా తగులుతుంది. పొడపత్రిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు టి1ఆర్3ని పట్టుకుని తీపి కబురుని ఆపేస్తాయి. ఉప్పు, పులుపు వాటి దారిన అవి పనిచేస్తూనే ఉంటాయి. కొంతసేపటికి తీపి తిరిగి వస్తుంది. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ ఆకు మింగకండి.

ఇక ముక్కు. నా ఉద్యోగంలో నాకు అన్నం పెట్టేది ఇదే, కాబట్టి ఇక్కడ నిదానంగా చదవండి.

ముక్కు గట్టిగా మూసుకుని తాండ్ర ముక్క నోట్లో వేసుకుని నమలండి. తీపి, పులుపు, ఒక జిగురు. అంతే. చింతపండు బెల్లం కలిపి పెట్టినా అదే చెబుతారు. నమలడం ఆపకుండా ముక్కు వదలండి. ఒక్కసారిగా మామిడి వస్తుంది. నమిలేటప్పుడు లేచిన ఆవిరి గొంతు వెనక నుంచి ముక్కు పైకప్పుకి చేరిందన్నమాట. బయట నుంచి పీల్చే వాసన ఒక దారి, నోట్లోంచి వెనకగా ఎక్కే వాసన ఇంకో దారి. రెండూ చేరేది ఒకే చోటికి.

మొన్న సీజన్‌లో బంగారుపాళ్యం వైపు నుంచి ఒక అమ్మాయి కొత్తగా చేరింది. బ్రిక్స్ సమానం, పులుపు సమానంగా ఉన్న రెండు కప్పులు ఇచ్చి ముక్కు మూసుకుని చూడమన్నాను. "రెండూ ఒకటే అక్కా" అంది. వదిలి చూడమన్నాను. రెండో కప్పు దగ్గర మొహం చిట్లించి, "ఇది కల్లు మాదిరి ఉంది అక్కా" అంది. ఈస్ట్ పని మొదలుపెట్టి కొంచెం ఆల్కహాల్ తయారైన గుజ్జు అది. మీటరుకి తెలియనిది ఆమె ముక్కుకి అర క్షణంలో తెలిసింది.

ముక్కు పైకప్పులో కొద్ది చదరపు సెంటీమీటర్ల పొర ఉంటుంది. అందులోని వాసన కణాలు నాలుక కణాల్లాంటివి కావు, అవే నరాలు. ఒక కొస తడి పొరలో సన్నని వెంట్రుకల్లా ఆడుతుంటుంది, రెండో కొస పుర్రె ఎముకలో జల్లెడ లాంటి రంధ్రాల గుండా మెదడులోకి వెళ్ళిపోతుంది. గాలి తగిలే చోటికి ఇంత బయటికొచ్చిన నరకణాలు ఒంట్లో ఇంకెక్కడా లేవు. దెబ్బ తినేవి కాబట్టే వీటి స్థానంలో కొత్తవి పుడుతూనే ఉంటాయి. మనిషిలో సుమారు 400 రకాల వాసన రిసెప్టర్లు పనిచేస్తాయి, ఒక్కో కణం మీద ఒకే రకం. ఈ రిసెప్టర్ల జన్యువులని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు.

వాసన అణువు తగలగానే ఇక్కడా జి-ప్రోటీన్ కదులుతుంది. కణంలో కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది, అది దారులు తెరిస్తే సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి, నరం మోగుతుంది. ఒకే రకం రిసెప్టర్ ఉన్న కణాల తీగలన్నీ మెదడు ముందు భాగంలో, ఆల్ఫాక్టరీ బల్బ్‌లో, ఒకే చుక్క దగ్గరికి చేరతాయి. ఒక వాసన కొన్ని చుక్కలని వెలిగిస్తుంది, ఇంకోటి వేరే కొన్నిటిని. అవే చుక్కలు, కలిపే తీరు మారితే వేరే ముగ్గు. అందుకే 400 రకాలతోనే లెక్కలేనన్ని వాసనలు గుర్తుపట్టగలం. మామిడి వాసన కూడా ఒకే అణువు కాదు, టెర్పీన్లు, ఎస్టర్లు లాంటి వాసన పదార్థాలు ఎన్నో కలిస్తేనే మామిడి.

రుచి కబురు మెదడు కాండం దగ్గర ఆగి, మెదడు మధ్యలో కబుర్లు అందించే థాలమస్ మీదుగా ఇన్సులా అనే భాగానికి వెళ్తుంది. వాసన కబురు మాత్రం థాలమస్ కోసం ఆగకుండా వాసన కార్టెక్స్‌కీ, భావోద్వేగాలు చూసే అమిగ్డలాకీ చేరుతుంది. కళ్ళ పైన, నుదురు వెనక ఉన్న భాగంలో రుచీ వాసనా కలుస్తాయి. తాండ్ర తాండ్రగా తెలిసేది అక్కడే.

వాసన చూసే తీరు కూడా నేర్చుకోవాలి. గట్టిగా ఒకే పీల్పు వద్దు, చిన్నగా రెండు మూడు సార్లు పీల్చి గిన్నె పక్కన పెట్టండి. అదే పనిగా పీలిస్తే కణంలోకి వచ్చిన కాల్షియమే దారులని మూయించేస్తుంది, వాసన ఉన్నా తెలీదు. అప్పుడు బయటికెళ్ళి రెండు నిమిషాలు నిలబడండి, లేదా మీ మోచేతి మడత వాసన చూసుకోండి. కారం పొడి మాత్రం పీల్చకండి.

కారానిది మూడో దారి. రాగి సంగటి ముద్దలో చెనిక్కాయల ఊరిబిండి అద్దుకుని, ముక్కు మూసుకుని తినండి. వేయించిన చెనిక్కాయల కమ్మదనం, వెల్లుల్లి మాయమవుతాయి. ఉప్పు, పులుపు ఉంటాయి. మంట మాత్రం రవ్వంత కూడా తగ్గదు. మిరపలోని కాప్సైసిన్ తగిలేది రుచి కణాలకి కాదు, మొదట్లో చెప్పిన, మంటనీ చలువనీ పసిగట్టే ట్రైజెమినల్ నరం కొసల్లో ఉన్న టిఆర్‌పివి1 అనే దారికి. మామూలుగా సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకునే దారి అది. కాప్సైసిన్ దాన్ని వేడి లేకుండానే తెరుస్తుంది, మెదడు కాలుతోందని అనుకుంటుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని కనిపెట్టింది, 2021 నోబెల్‌లో ఆయనకి వాటా వచ్చింది. అదే చారు వేడిగా తాగితే ఎక్కువ కారం, చల్లారాక తక్కువ. వేడీ కారమూ ఒకే దారిని తోస్తున్నాయి కదా. పుదీనాలోని మెంథాల్ చలువకి తెరుచుకునే ఇంకో దారిని తెరుస్తుంది. మంట పుడితే నీళ్ళు తాగి లాభం లేదు, కాప్సైసిన్ నీళ్ళలో కరగదు. పెరుగో పాలో తాగండి, వాటిలోని ప్రోటీనూ కొవ్వూ దాన్ని పట్టుకుంటాయి.

చూసినవి ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీసి రాసుకోండి: నాలుక, ముక్కు, మంట. ఇంట్లో వండిన ఏ కూరకైనా ముందు ముక్కు మూసుకుని ఒక ముద్ద, వదిలి ఒక ముద్ద తిని గళ్ళు నింపండి. బాగుంది, బాగాలేదు అని రాయవద్దు. "పులుపు ముందొచ్చింది, పోపు వాసన చివర్లో వచ్చింది" అని రాయండి.

జలుబు చేస్తే ముక్కు గడిలో రాయడానికి ఏమీ ఉండదు, గాలి పైకప్పు దాకా చేరదు కాబట్టి. కోవిడ్‌లో వాసన పోవడానికి ఎక్కువగా కారణమైంది వాసన కణాలకి పక్కన ఆసరాగా ఉండే కణాలు దెబ్బతినడం. ఇలా వైరస్ వల్ల పోయిన వాసన తిరిగి రావడానికి ముక్కుకి తర్ఫీదు ఇవ్వవచ్చు. జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి ఇది: గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనలని రోజుకి రెండు పూటలా, 12 వారాల పాటు, ఏది చూస్తున్నామో మనసులో అనుకుంటూ పీల్చాలి. అందరికీ పూర్తిగా తిరిగి రాదు గానీ, చాలామందికి మేలు జరిగింది. తలకి దెబ్బ తగిలాక వాసన పోయినా, జలుబు లేకుండానే పోయినా ఇంట్లో తర్ఫీదుతో సరిపెట్టుకోకండి, ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. జల్లెడ ఎముక దగ్గర నరాలు తెగి ఉండవచ్చు.

వయసు మీద పడ్డ అమ్మానాన్నల చేత కూడా ఈ పరీక్ష చేయించండి. వాళ్లు కూరలో ఉప్పు పెంచుతుంటే నాలుక కన్నా ముందు ముక్కుని అనుమానించండి. కూర చప్పగా ఉందనిపించేది వాసన తగ్గడం వల్ల కావచ్చు. ఉప్పు బదులు కరివేపాకు, జీలకర్ర, ఇంగువ కాస్త ఎక్కువ వేసి చూడండి. వంట గ్యాస్‌కి సొంత వాసన ఉండదు, లీకైతే తెలియాలనే అందులో ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు. ఆ వాసన పెద్దవాళ్లకి తెలుస్తోందో లేదో అడిగి తెలుసుకోండి. తెలియకపోతే వంటింట్లో గ్యాస్ డిటెక్టర్ పెట్టించండి, సిలిండర్ దగ్గరే, నేలకి దగ్గరగా. ఎల్పీజీ గాలి కన్నా బరువు, కిందికే దిగుతుంది.