గ్లూలామ్ దూలం ఎత్తే ముందు బరువు లెక్క: తీసుకోవాల్సిన జాగ్రత్తలు

చెక్కే కదా, ఎంత బరువుంటుందిలే అనుకున్న చోటే ప్రమాదం మొదలవుతుంది. చెక్క పలకలను జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికించి చేసే గ్లూలామ్ దూలం నున్నగా, తేలిగ్గా కనిపిస్తుంది. కానీ 200 మిల్లీమీటర్ల వెడల్పు, 600 మిల్లీమీటర్ల ఎత్తు, 12 మీటర్ల పొడవున్న దూలం ముప్పావు టన్నుకు దగ్గరగా తూగవచ్చు. క్రేన్ వచ్చి నిలబడ్డాక హడావుడిగా వేసుకునే లెక్క కాదిది. ముందు రోజే కాగితం మీద ఉండాలి.

లెక్క సులువే. మూడు కొలతలనూ మీటర్లలోకి మార్చి గుణించాలి: 0.2 × 0.6 × 12 = 1.44 ఘనపు మీటర్లు. దాన్ని సాంద్రతతో గుణిస్తే బరువు వస్తుంది. మిల్లీమీటర్లను మార్చేటప్పుడు ఒక్క సున్నా జారినా 720 కిలోలు కాస్తా 72 అయిపోతాయి. అందుకే నోటి లెక్కతో మరోసారి సరిచూసుకోండి. ఘనపు మీటరుకు 500 కిలోలు అనుకుంటే, 100 × 100 మిల్లీమీటర్ల చెక్క మీటరు పొడవుకు 5 కిలోలు తూగుతుంది. మన దూలం అడ్డుకోతలో అలాంటి చదరాలు 12 పడతాయి. అంటే మీటరుకు 60 కిలోలు, 12 మీటర్లకు 720. కొలతలు కూడా డ్రాయింగ్ చూసి రాసేయకుండా టేపు పెట్టి తీసుకోండి.

అసలు చిక్కు సాంద్రత దగ్గర ఉంది. యూరప్ ప్రమాణాల పట్టికలో జీఎల్24హెచ్ అనే గ్లూలామ్ రకానికి ఘనపు మీటరుకు 385 కిలోలు అనే అంకె కనిపిస్తుంది. చాలామంది దాన్నే పట్టుకుని 554 కిలోలని రాసేస్తారు. ఆ 385 సగటు కాదు. నూటికి 95 పాళ్ల సరుకు అంతకంటే బరువుగానే ఉంటుందని దాని అర్థం. బోల్టులు, జాయింట్ల బలం లెక్కకు తక్కువ అంకె తీసుకోవడం క్షేమం కాబట్టి అది పట్టికలో ఉంది. ఎత్తే పనికి అదే అంకె తీసుకుంటే ప్రమాదం. సగటు 420. స్ప్రూస్ అనే తేలిక కలపకు నేనైతే 500 వేస్తాను, డగ్లస్ ఫర్, సదరన్ పైన్ లాంటి బరువైన కలపకు 600. గట్టి కలపతో చేసిన దూలమైతే ఇవి చాలవు, తయారీదారును అడిగి తీరాలి. ఏ కలపో తెలియకపోతే తేలిక రకం అనుకోవద్దు.

సైట్‌లో కోసిన ముక్క దొరికితే ఇంకా మంచిది. అదే దూలం చివర నుంచి కోసిన 30 సెంటీమీటర్ల ముక్కను తూకం వేయండి. 18.5 కిలోలు వచ్చిందంటే మీటరుకు దాదాపు 62, మొత్తం దూలానికి 740 కిలోలు. కోసిన వెంటనే తూచాలి, ఎండలో రెండు రోజులు పడి ఉన్న ముక్క తక్కువ చూపిస్తుంది.

వానలో నానిన దూలాల విషయంలో మరింత జాగ్రత్త. సగటు సాంద్రత ఉన్న మన దూలంలో తేమ 12 శాతం నుంచి 25కు పెరిగితే, అదనంగా 70 కిలోలు, అంటే ఒక మనిషి బరువు. పెద్ద దూలం లోపలిదాకా త్వరగా నానదు, నిజమే. కానీ చుట్టిన ప్లాస్టిక్ కవర్ చిరిగి లోపల నీళ్లు నిలిచి ఉంటే ఏమీ చెప్పలేం. కవర్ కింద అంచు కోసి నీళ్లు వదిలేయండి, లెక్కకు 10 శాతం కలపండి.

ముందే బిగించిన ఇనుప ప్లేట్లనూ మరవద్దు. 10 మిల్లీమీటర్ల ప్లేటు చదరపు మీటరుకు 78.5 కిలోలు. చివర్లలో 300 × 600 ప్లేట్లు రెండుంటే 28 కిలోలు కలిపినట్టే, బోల్టులు కాక.

ఒక వైపు ఎత్తు ఎక్కువ, మరో వైపు తక్కువ ఉన్న దూలానికి సగటు ఎత్తుతో బరువు తెలుస్తుంది కానీ, గురుత్వ కేంద్రం పొడవు మధ్యలో ఉండదు. 12 మీటర్ల దూలం ఒక కొస 800, మరో కొస 400 మిల్లీమీటర్లు ఉంటే, అది మధ్య నుంచి దాదాపు 67 సెంటీమీటర్లు లావు కొస వైపు జరుగుతుంది. హుక్ సరిగ్గా ఆ బిందువు పైకి వచ్చేలా బెల్టులు కట్టాలి. మధ్యలో పట్టి ఎత్తితే లావు కొస కిందికి దిగి, దూలం బెల్టుల్లో జారుతుంది.

బెల్టు మీద పడేది సగం బరువే అనుకోవడం ఇంకో పొరపాటు. రెండు కాళ్ల స్లింగ్‌లో, అంటే ఒకే హుక్ నుంచి రెండు బెల్టులు ఏటవాలుగా దిగే కట్టులో, ఒక్కో కాలు నేలతో 60 డిగ్రీల కోణంలో ఉంటే, 800 కిలోలకు దాని మీద 462 పడుతుంది. 45 డిగ్రీలైతే 566. 30కి దిగితే ఒక్కో కాలి మీద పూర్తి 800. అందుకే 45 కంటే కిందికి పోనివ్వకండి. బెల్టులు, షాకిల్స్ (బెల్టులను తగిలించే ఇనుప కొక్కేలు), స్ప్రెడర్ బార్ (బెల్టులను ఎడంగా ఉంచే అడ్డ కడ్డీ) బరువు కూడా క్రేన్ మోసేదే. క్రేన్ సామర్థ్యాన్ని దూలం దించే చోటు దాకా బూమ్, అంటే క్రేన్ చెయ్యి, చాచినప్పటి దూరానికి చూసుకోవాలి. బోర్డు మీద రాసిన టన్నులు చూసి ధీమా పడొద్దు.

అన్నీ అయ్యాక కూడా ముందు జానెడు ఎత్తే లేపి ఆపించండి. కింద ఎవరూ ఉండకూడదు, రెండు కొసలకూ గైడ్ తాళ్లు ఉండాలి. క్రేన్ మీటర్‌లో కనిపించే అంకె మీ కాగితం మీది మొత్తాన్ని దాటితే టెన్షన్ పడకుండా కిందికి దింపించి, ఎక్కడ తేడా వచ్చిందో తేలేదాకా మళ్లీ ఎత్తనివ్వకండి.