రాక్ క్రాలింగ్‌కి బండి రెడీ చేస్తున్నారా, లిఫ్ట్ కిట్ దగ్గర మొదలెట్టకండి

పెద్ద రాళ్ళ మీద బండిని మెల్లగా ఎక్కించే ఈ ఆటలోకి కొత్తగా దిగినోళ్ళంతా ముందు బాడీని పైకి లేపే లిఫ్ట్ కిట్టే కొంటారు, నేనూ అదే చేశా. బండి ఎత్తుగా చూడ్డానికి బానే ఉంటది గానీ రాయికి మొదట తగిలేది డిఫరెన్షియల్ హౌసింగ్, అంటే యాక్సిల్ మధ్య గేర్లుండే ఉబ్బెత్తు డబ్బా. సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు) బండికి ఎంత లిఫ్ట్ వేసినా లేచేది బాడీయే, హౌసింగ్ ఉన్న చోటే ఉంటది. దాన్ని పైకి లేపేది టైరొక్కటే. 31 ఇంచుల టైరు తీసి 35 వేస్తే అందులో సగం, అంటే 2 ఇంచులు లేస్తది. ఆ టైరు ఫెండర్‌కి తగలకుండా ఎంత లిఫ్ట్ కావాలో అంతే చాలు, ఎక్కువైతే బరువంతా పైకెళ్ళి పక్క వాలులో బండి పల్టీ కొడతది. లిఫ్ట్ వేశాక చక్రం పూర్తిగా కిందకి వేలాడదీసి బ్రేక్ హోస్ బిగుసుకుంటుందేమో తప్పకుండా చూడండి.

పెద్ద టైరు పడగానే గేరింగ్ బరువైపోతది. ఫస్ట్ గేర్ రేషియో 4, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక యాక్సిళ్ళకి పవర్ పంచే గేర్ బాక్స్) 'లో' రేంజ్ 2.72, యాక్సిల్ 4.10 అనుకోండి, మూడూ గుణిస్తే క్రాల్ రేషియో, అంటే మొత్తం గేరింగ్, 44 పైచిలుకు. 35 టైరుతో పాత లాగుడు రావాలంటే యాక్సిల్ గేర్లు దాదాపు 4.63 కావాలి, అందుకే జనం 4.56 గానీ 4.88 గానీ వేస్తారు. క్రౌన్ పినియన్ (యాక్సిల్ గేర్ల జత) సెట్టింగ్ మాత్రం మొదటిసారి సొంతంగా చేయకండి, బ్యాక్‌లాష్ (గేరు పళ్ళ మధ్య సందు) తేడా వస్తే కొత్త గేర్లు అరిగిపోతాయి.

తర్వాత లాకర్, అంటే యాక్సిల్ రెండు చక్రాల్నీ కలిపి తిప్పేది. మామూలు డిఫరెన్షియల్‌తో ఒక చక్రం గాల్లోకి లేచిందా, అదే గిర్రున తిరుగుతూ ఉంటది, రాయి మీదున్న చక్రం కదలదు.

టైర్లలో గాలి తగ్గించడం ఫ్రీ, అయినా చాలామంది చేయరు! మామూలు రిమ్‌కి 15 పీఎస్ఐ దగ్గర ఆగండి, బీడ్‌లాక్ (టైరు అంచుని రిమ్‌కి బిగించి పట్టే రింగు) ఉంటే ఇంకా తగ్గించొచ్చు.

ఇక రిపేరు. ఎక్కువగా పోయేది ముందు యాక్సిల్ యూ-జాయింట్ (చక్రం తిరిగినా షాఫ్ట్ వంగేలా చేసే జాయింట్), అదీ స్టీరింగ్ ఫుల్‌గా తిప్పి, చక్రం ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే. ఫట్‌మని సౌండొస్తే ఆపేయండి, ఇంకోసారి ట్రై చేద్దాం అని తొక్కితే నకిల్ (చక్రాన్ని పట్టుకుని స్టీరింగ్‌తో తిరిగే భాగం) కూడా పోతది, నాకు అలాగే పోయింది. అక్కడ రాళ్ళ మధ్య జాయింట్ మార్చడం నరకం, సుత్తీ సాకెట్లతో కప్ కొడుతుంటే లోపలి సూది బేరింగులు రాలి మట్టిలో పడతాయి, కాబట్టి జాయింట్ ఎక్కించిన స్పేర్ షాఫ్టే మోసుకెళ్ళండి. టై రాడ్ (రెండు ముందు చక్రాల్ని స్టీరింగ్ కోసం కలిపే కడ్డీ) వంగితే విప్పి రెండు రాళ్ళ మధ్య పెట్టి సరిచేసి, పొడుగునా యాంగిల్ ముక్క ఆనించి యూ-బోల్ట్‌లతో బిగించి మెల్లగా బయటపడొచ్చు, రోడ్డు మీద స్పీడ్‌గా మాత్రం వద్దు.

నీళ్ళలో దిగొచ్చాక డిఫరెన్షియల్ ప్లగ్ విప్పి చూడండి, ఆయిల్ పాల టీలా ఉంటే నీళ్ళు చేరినట్టే, వెంటనే మార్చేసి బ్రీదర్ పైపు (డిఫరెన్షియల్ గాలి పీల్చే గొట్టం) ఇంజన్ ఎత్తుకి లాగి కట్టేయండి.