సైబర్ సాక్ష్యం నేర్చుకుందాం, 4వ పాఠం: ఫైలుకు వేసే సీలు

డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం, యూపీఐ లావాదేవీకి గుర్తుగా ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు వెతికి పట్టుకోవడం పోయిన పాఠంలో చూశాం. అదంతా డబ్బు వెంట పరుగు. ఈ వారం సాక్ష్యం సంగతి. దీనికి పరుగు అక్కర్లేదు, చెయ్యి నిదానంగా ఉంటే చాలు.

తిరుపతిలో కోర్టు దగ్గర డీటీపీ అంగడి నాది. నా దాకా వచ్చే కేసులన్నీ ప్రింటు కోసం వచ్చేవే. ఆమధ్య ఒకాయన వచ్చాడు. కొండ మీద గది ఇస్తామన్న నకిలీ సైటుకు 3,200 రూపాయలు కట్టాడు. తిరుపతిలో టీటీడీ వసతి సముదాయం శ్రీనివాసం మెట్లెక్కి అడిగితే గానీ మోసపోయానని తెలియలేదు. (టీటీడీ అసలు సైటు చిరునామా చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ఉంటుందని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం.) చాట్ స్క్రీన్‌షాట్ తీసి బావమరిదికి పంపాడు. ఆ మహానుభావుడు అంచులు కత్తిరించి, డబ్బు అంకె చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి వాట్సాప్‌లో తిరిగి పంపాడు. ఈలోపు వైరస్ దూరిందేమోనన్న భయంతో ఈయన ఫోన్‌ను రిపేరు అంగట్లో ఫార్మాట్ చేయించేశాడు.

"ఇది చాల్దా సామీ?" అని ఆ ఎర్రసున్నా బొమ్మ చూపించాడు. ప్రింటు తీసిచ్చి 5 రూపాయలు తీసుకున్నాను. అంతకు మించి దానికి వెల కట్టడం నా వల్ల కాలేదు.

శ్రీవారి హుండీ నిండితే మూతి కట్టి, సీలు వేసి లెక్కకు పంపుతారు కదా. సీలు చూస్తే లోపల ఎంతుందో తెలియదు. దారిలో ఎవరూ చెయ్యి పెట్టలేదని మాత్రం తెలుస్తుంది. హ్యాష్ అంటే ఫైలుకు అలాంటి సీలే. షా-256 అనే లెక్కలో ఒక్క వాక్యం పెట్టినా, రెండు గంటల సీసీ కెమెరా వీడియో పెట్టినా బయటికొచ్చేది 64 గుర్తుల వరుసే.

చేసి చూద్దాం. నోట్‌ప్యాడ్‌లో "గది అద్దె 3200" అని రాసి సేవ్ చేయండి. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ అని ఇంగ్లీషులో కొట్టండి, మధ్యలో చిన్న అడ్డగీత మరవకండి. ఒక ఖాళీ వదిలి, ఫైలును మౌస్‌తో లాక్కొచ్చి అక్కడే పడేసి ఎంటర్ నొక్కండి. వచ్చిన వరుసలో మొదటి ఆరు గుర్తులు, చివరి ఆరు గుర్తులు నోటుబుక్కులో రాసుకోండి. ఇప్పుడు ఫైలు పేరు మార్చి మళ్లీ తీయండి. అదే వరుస! పేరు సంచి మీది చీటీ లాంటిది, సీలుకు దానితో పనిలేదు. ఈసారి ఫైలు తెరిచి 3200 తర్వాత ఒక్క ఖాళీ కొట్టి, సేవ్ చేసి తీయండి. కంటికి ఏ తేడా కనపడదు, వరుస మాత్రం మొత్తం మారిపోతుంది.

ఇలాగే ఒక ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపి, అవతల దించుకుని హ్యాష్ తీస్తే కలవదు. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపితే కలుస్తుంది. వకీలుకైనా స్టేషన్‌కైనా ఫైలు పంపేటప్పుడు డాక్యుమెంటుగానే పంపమని నేను పోరేది ఇందుకే.

ఒక మెలిక ఉంది. హ్యాష్ నిజం చెప్పదు, మారలేదని చెబుతుంది. బావమరిది సున్నా చుట్టిన బొమ్మకు కూడా నిక్షేపంగా 64 గుర్తులు వస్తాయి. కాబట్టి అసలు ఫైలు చేతిలో ఉన్నరోజే, ఎవరూ దాన్ని ముట్టకముందే సీలు పడాలి.

ఇక చట్టం. 1872 నాటి సాక్ష్య చట్టంలో 65బీ సెక్షన్ ఉండేది. 2024 జులై 1 నుంచి దాని చోట భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని కోర్టుకిచ్చేటప్పుడు 63(4) కింద సర్టిఫికెట్ జతచేయాలి. దాని నమూనా చట్టం షెడ్యూలులోనే ఉంది. భాగం-ఎ రికార్డు ఇచ్చే పార్టీది, భాగం-బి నిపుణుడిది. రెండింటిలోనూ హ్యాష్ విలువ రాయాలి. నమూనాలో షా1, షా256, ఎండీ5 అని హ్యాష్ తీసే లెక్కలు మూడూ కనిపిస్తాయి. మీరు షా256 ఎంచుకోండి. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే హ్యాష్ వచ్చేలా చేయొచ్చని ఎండీ5 విషయంలో 2004లో, షా1 విషయంలో 2017లో చేసి చూపించారు. ఎదుటి వకీలుకు ఆ సందు ఎందుకివ్వాలి?

యజమానే బోనెక్కి అసలు ఫోన్‌నే కోర్టు ముందు పెడితే సర్టిఫికెట్ అవసరం లేదని 65బీ మీద 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన గది ఆసామి ఫోన్ ఫార్మాట్ కాకపోయుంటే ఈ మాట ఆయనకు పనికొచ్చేది.

వచ్చే వారం భాగం-ఎ నింపుదాం. అందులో ఫోన్ ఐఎంఈఐ నంబరు అడుగుతారు. *#06# కొడితే వచ్చే ఆ 15 అంకెలు ముందే రాసి పెట్టుకోండి. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లు వస్తాయి, రెండూ రాయండి.